చలినీళ్ల పగడానికి బారసాల

పగడం అంటే మనకు తెలిసినవి రెండే. ఒకటి, నల్లపూసల మధ్య ఎర్రగా మెరిసే పూస. కుజదోషం ఉందంటే జ్యోతిషులు ఉంగరంలో పొదిగించుకోమనేదీ దాన్నే. రెండోది, టీవీలో కనిపించే పగడపు దిబ్బ... వెచ్చటి నీళ్లు, పైనుంచి ఎండ, చుట్టూ చారల చేపలు. ఆ రెండూ అక్కాచెల్లెళ్లు అనుకుంటాం. కాదు, వేలువిడిచిన చుట్టాలు!

దిబ్బలు కట్టే రాతి పగడాల్లో నోటి చుట్టూ ఉండే చేతుల లెక్క ఆరు చొప్పున సాగుతుంది. ఆరో, పన్నెండో, ఇరవైనాలుగో. మధ్యధరా సముద్రం నుంచి వచ్చే మన ఎర్ర పగడానిది మాత్రం ఎనిమిది లెక్క. ప్రతి బుల్లి జీవికీ కచ్చితంగా ఎనిమిది చేతులు, ప్రతి చేతికీ అటూ ఇటూ ఈకలాంటి అంచులు. ఈ ఎనిమిది చేతుల వంశాన్ని శాస్త్రవేత్తలు ఆక్టోకోరల్స్ అంటారు. అందులో ఎర్ర పగడంలా లోపల గట్టి కాడ ఉన్నవి కొన్నే. చాలా వాటికి ఆ కాడే ఉండదు. ముట్టుకుంటే తోలులా, రబ్బరులా మెత్తగా ఉంటాయి. వాటికే మెత్తటి పగడాలని పేరు.

ఇంకో సంగతి. పగడం బతకాలంటే ఎండ ఉండాలని చదువుకున్నాం కదా? దిబ్బల పగడాల ఒంట్లో ఉండే నాచు ఎండతో వంట చేసి పెడుతుంది కాబట్టి వాటికి ఆ అవసరం. చల్లటి చీకటి నీళ్లలో ఉండే పగడాలకు ఆ వంటవాడు లేడు. చేతులు చాచి, ప్రవాహంలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని పట్టుకు తింటాయి. అలా బతికే మెత్తటి పగడాల్లో కొన్నింటికి ఈ శతాబ్దంలోనే మొదటిసారి పేరు పడింది. అవి దొరికిన చోటు దక్షిణ అమెరికా అడుగు భాగం, చిలీ దేశపు పటగోనియా తీరం.

ఉప్పునీటి మీద మంచినీటి దుప్పటి

పటంలో చూస్తే చిలీ పచ్చిమిరపకాయలా పొడుగ్గా ఉంటుంది. కింది కొస దగ్గర ఆ మిరపకాయను ఎలుక కొరికినట్టు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది చూడండి, అవే ఫియోర్డులు. ఒకప్పుడు అక్కడ కొండల మధ్య పెద్ద పెద్ద హిమానీనదాలు ఉండేవి. మంచు జారుతూ జారుతూ లోయల్ని లోతుగా తవ్వేసింది. తర్వాత మంచు కరిగింది, సముద్రమట్టం పెరిగింది, ఆ లోయల్లోకి ఉప్పునీరు వచ్చి నిండింది. పాపికొండల మధ్య గోదావరిని ఊహించుకుని, నదికి బదులు సముద్రాన్ని పెట్టి, కొండల్ని ఇంకా ఎత్తు చేసి, వాటి నెత్తిన మంచు పోయండి. దాదాపు అలాగే ఉంటుంది.

అలాంటి వాటిలో ఒకటి కొమావు ఫియోర్డ్. పొడవు నలభై కిలోమీటర్ల పైమాటే. లోతు కొన్నిచోట్ల 500 మీటర్లకు దగ్గర. ఒడ్డున నిటారుగా నిలబడ్డ కొండ, నీళ్ల కిందా అలాగే గోడలా దిగిపోతుంది. ఇక వాన సంగతి! హైదరాబాద్‌లో ఏడాది మొత్తమ్మీద కురిసేది దాదాపు 800 మిల్లీమీటర్లు. ఇక్కడ ఏటా 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. ఈ వాననీరూ, కొండల మీది మంచు కరిగిన నీరూ తేలిక కాబట్టి ఉప్పునీటిలో వెంటనే కలవదు. పైన కొన్ని మీటర్ల మందాన దుప్పటిలా పరుచుకుంటుంది. అడవుల ఆకుల రసం కలవటంతో వెలుతురును కొంత మింగేస్తుంది కూడా.

ఈ దుప్పటి కిందే ఉంది తమాషా అంతా. మామూలుగా వందలు, వేల మీటర్ల లోతున ఉండాల్సిన జీవులు ఇక్కడ ఇరవై మీటర్ల దగ్గరే కనిపిస్తాయి. చీకటి, చలి, నిలకడగా ఉండే ఉప్పదనం... వాటికి కావాల్సినవన్నీ పైకే వచ్చేశాయి మరి. డెస్మోఫిల్లమ్ డయాంథస్ అనే తెల్లటి రాతి పగడాన్ని చూడాలంటే వేరేచోట జలాంతర్గామి కావాలి. కొమావులో గాలి సిలిండర్ కట్టుకున్న ఈతగాడు చాలు. నీటి కింది గోడ మీద చదరపు మీటరుకు వెయ్యికి పైగా పగడాలు ఉన్న చోట్లు కూడా కనిపించాయి. న్యూజిలాండ్ ఫియోర్డులదీ ఇదే కథ. అక్కడ తేనీరు రంగు నీటి కింద నల్ల పగడాలు పైపైనే దొరుకుతాయి.

మరి ఇంత దగ్గరగా ఉన్నవి ఇన్నాళ్లూ ఎందుకు కంటపడలేదు?

డార్విన్ పైనుంచి వెళ్లిపోయాడు

1834-35లో చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడలో ఈ తీరానికే వచ్చాడు. కొమావుకు ఎదురుగా ఉన్న చిలోయె దీవిలో వారాల తరబడి తిరిగాడు. పగడపు దిబ్బలు ఎలా ఏర్పడతాయన్న ఆయన సిద్ధాంతం మనం ఇప్పటికీ చదువుకుంటున్నాం. ఆ ఆలోచన తనకు తట్టింది దక్షిణ అమెరికా పడమటి తీరాన ఉండగానేననీ, అప్పటికి ఒక్క దిబ్బనైనా కళ్లారా చూడలేదనీ ఆయనే రాసుకున్నాడు. అంటే ఎక్కడో ఉన్న పగడాల గురించి అంతగా ఆలోచిస్తున్న మనిషి, తన ఓడ తిరుగుతున్న నీళ్ల కింద వేరే రకం పగడాల లోకం ఉందని తెలియకుండానే వెళ్లిపోయాడన్నమాట! ఆయన తప్పేమీ లేదు. ఆ రోజుల్లో సముద్రం అడుగున ఏముందో తెలుసుకోవాలంటే ఓడ వెనక వలో, ఇనప బుట్టో కట్టి లాగాలి. చదునైన నేల మీదైతే అది పనిచేస్తుంది. నిట్టనిలువు గోడను అలా గోకలేం కదా. చేత్తో కోయాలి, కంటితో చూడాలి.

ఆ పని జరిగింది ఈ మధ్యనే. కొమావు ఒడ్డున హుయినాయ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ 2001లో ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. దాన్ని నిలబెట్టినవారు జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరు జీవశాస్త్రవేత్తలు, వ్రేనీ హాయిసర్మన్, గ్యుంటర్ ఫోర్‌స్టెరా. పది, పన్నెండు డిగ్రీల నీళ్లు. ఒంటికి తడి తగలని మందపాటి సూటు వేసుకుని, కెమెరాతో, ఒక చిన్న కత్తితో దిగటం. ఈ పని ఒకటి రెండు సార్లు కాదు, ఏళ్ల తరబడి.

హాయిసర్మన్ అసలు చదువు సముద్రపు పువ్వులు, అంటే సీ ఎనిమోన్ల మీద. అది బాగా కలిసొచ్చిందనిపిస్తుంది. ఎనిమోన్లయినా, మెత్తటి పగడాలైనా సారాలో వేశాక ముడుచుకుపోతాయి. రంగు పోతుంది. నీళ్లలో పువ్వులా విప్పారిన జీవి, సీసాలో పాత సబ్బుముక్కలా మిగులుతుంది. వందేళ్ల కిందటి మ్యూజియం సీసాలు చూసి ఇది ఫలానా జీవి అని చెప్పటం అందుకే అంత కష్టం. బతికుండగా ఫొటో తీసి, తర్వాతే కోసి, ఆ రెంటినీ జతచేసి దాచిపెట్టటం వీళ్ల పద్ధతి. చూడటానికి చిన్న జాగ్రత్తే. పేరు పెట్టే పనికి పునాది అదే.

బ్లీచింగ్ నీళ్లతో మొదలు

కొత్త జీవి దొరికిందంటే పేపర్లో ఒక ఫొటో, కింద రెండు వాక్యాలు వస్తాయి. దొరకటం వేరు, కొత్తదని తేల్చటం వేరు. మెత్తటి పగడాల విషయంలో ఆ తేల్చే పని ఎలా జరుగుతుందో వింటే ఓపికంటే ఏమిటో అర్థమవుతుంది.

ఈ పగడాలకు గట్టి అస్థిపంజరం లేదన్నాం కదా. కానీ వాటి కండలో ఇసుక రేణువుల్లాంటి సున్నపు పుల్లలు వేలకొద్దీ ఉంటాయి. స్క్లెరైట్లంటారు. చాలావరకు మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ. బయటి ఆకారం ఆ జీవి ఉన్న చోటును బట్టి, ప్రవాహాన్ని బట్టి మారొచ్చు. రంగూ మారొచ్చు. ఈ పుల్లల తీరు మాత్రం జాతి గుట్టు విప్పుతుంది. అందుకని పగడం ముక్కను కొద్దిగా కోసి బ్లీచ్‌లో, అంటే మనం బట్టల మరకలకు వాడే క్లోరిన్ ద్రావణంలాంటి దానిలో వేస్తారు. కండ కరిగిపోతుంది. అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే... అబ్బ, అది వేరే లోకం! కొన్ని కదురులా మధ్యలో లావుగా ఉంటాయి, కొన్ని భీముడి గదలా, కొన్ని ఒళ్లంతా బుడిపెలతో ముళ్లకర్రలా. చేతుల్లో ఉండేవి ఒక రకం, పాదు దగ్గర ఉండేవి ఇంకో రకం. ఒక్కో భాగం నుంచి విడివిడిగా తీసి, కొలిచి, బొమ్మలు తీసి పెట్టుకోవాలి.

ఇంతా చేస్తే సగం పనే. అదివరకే పేరున్న చుట్టాలన్నింటితో పోల్చాలి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జంతువులకు రెండు మాటల పేర్లు ఖాయం చేసిన పుస్తకం దగ్గర్నుంచి లెక్క. నార్వే ఫియోర్డుల్లో, బ్రిటన్ తీరంలో ఉండే అల్సియోనియమ్ డిజిటేటమ్ అనే మెత్తటి పగడం ఆ పుస్తకంలోదే. నీళ్లలోంచి తీస్తే ఉబ్బిన వేళ్లలా కనిపిస్తుందని అక్కడి జాలర్లు దాన్ని శవం వేళ్లని పిలిచేవారు. పేరు పెట్టటంలో జాలర్లకు ఏ శాస్త్రవేత్తా సాటిరాడు! అలా ఒక్కో పాత వర్ణననూ, దొరికితే ఏ ముక్కను చూసి ఆ పేరు పెట్టారో ఆ అసలు ముక్కనూ తెప్పించుకుని, ఇది అది కాదు, అది ఇది కాదు అని తేల్చుకోవాలి. చివరికి మిగిలితే అప్పుడు కొత్తది. అప్పుడూ ఒక నమూనాను ప్రపంచానికంతటికీ సాక్ష్యంగా మ్యూజియంలో భద్రపరచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా వచ్చి చూసుకునేది దాన్నే.

ఈ విద్య తెలిసినవాళ్లు ప్రపంచంలో చాలా కొద్దిమంది. వారిలో ఒకరు నెదర్లాండ్స్‌లోని లీడెన్ మ్యూజియం నిపుణుడు లేన్ వాన్ ఓఫ్‌వేగెన్. చిలీ నుంచి నమూనాలు ఆయన చేతికి చేరాయి. ఈ ముగ్గురూ కలిసి 2006లో కొమావు పగడం ఒకదాన్ని లోకానికి పరిచయం చేశారు. అది కొత్త జాతి మాత్రమే కాదు. ఉన్న ప్రజాతుల్లో దేనిలోనూ ఇమడలేదు కాబట్టి దానికోసం కొత్త ప్రజాతినే పెట్టాల్సి వచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే పేరుతోపాటు ఇంటిపేరూ కొత్తదే. ఇన్‌క్రస్టేటస్ కొమావెన్సిస్. రాతి మీద పలచటి పొరలా, అట్టు పోసినట్టు పరుచుకుంటుంది కాబట్టి మొదటి మాట. రెండోది పుట్టిన ఊరు.

మరుసటి ఏడాది, 2007లో అదే ముగ్గురు అల్సియోనియమ్ ప్రజాతిలో నాలుగు కొత్త జాతుల్ని వర్ణించారు. అంటే శవం వేళ్లకు పటగోనియాలో నలుగురు చెల్లెళ్లు తేలారు. ఒకదాని పేరు రోజియమ్, గులాబీది. మరొకటి గ్లేసియోఫిలమ్, మంచునదిని ప్రేమించేది. పగడానికి అలాంటి పేరు వస్తుందని దిబ్బల దగ్గర పెరిగినవాళ్లెవరైనా నమ్ముతారా?

అంతకుముందు 2005లో రెండు రాతి పగడాలకు పేర్లు పడ్డాయి. ఒకటి హుయినాయ్ పల్లె పేరుతో. రెండోదాని పేరు టెథోసయాథస్ ఎండెసా. ఎండెసా అంటే దేవతో, నదో కాదు, విద్యుత్ కంపెనీ! హుయినాయ్ ఫౌండేషన్‌ను 1998లో వాల్పరైజో కాథలిక్ విశ్వవిద్యాలయంతో కలిసి పెట్టింది ఆ సంస్థే. కంపెనీ పేరు ఒక ప్రాణికి శాశ్వతంగా అతుక్కుపోవటం నాకైతే ఎబ్బెట్టుగానే ఉంది. అదే ఎండెసా మరో సంస్థతో కలిసి ఇంకా దక్షిణాన రెండు నదుల మీద అయిదు ఆనకట్టలు కడతానంటే చిలీ జనం వీధుల్లోకి వచ్చారు. 2014లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును తిరస్కరించింది. అయితే ఒక మాట... డబ్బు పెట్టినవాళ్లు లేకపోతే ఆ కేంద్రం లేదు, ఆ పేర్లూ లేవు. పరిశోధనల సంగతి ఎక్కడైనా ఇంతే.

భీమవరం రైతుకు తెలిసిన భయం

పేర్లు పెట్టటానికి ఇంత తొందరేమిటి, లక్షల ఏళ్లుగా ఉన్నవే కదా అనిపించొచ్చు. తొందర ఉంది. ఆ ఫియోర్డుల్లో ఇప్పుడు పగడాలకన్నా ఎక్కువ కనిపించేవి సాల్మన్ చేపల బోనులు.

పెంపకపు సాల్మన్‌లో నార్వే తర్వాత స్థానం చిలీదే. నిజానికి అట్లాంటిక్ సాల్మన్ ఆ సముద్రపు చేపే కాదు, ఉత్తరార్ధగోళం నుంచి తెచ్చిపెట్టినది. మన కోస్తా చెరువుల్లోకి వనామీ రొయ్య పసిఫిక్ అవతలి నుంచి వచ్చినట్టే. తేడా ఏమిటంటే రొయ్యలకు విడిగా చెరువు తవ్వుతాం. సాల్మన్‌ను సముద్రంలోనే తేలే వలల బోనుల్లో పెంచుతారు. తినగా మిగిలిన మేతా, చేపల మలమూ నేరుగా కిందికి. అడుగున అది కుళ్లితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. తెల్లవారుజామున డీవో పడిపోయిందంటే గుండె జారి, ఏరేటర్ల దగ్గరికి పరిగెత్తే భీమవరం రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫియోర్డుకు ఏరేటర్ పెట్టేవాళ్లు లేరు. పైగా ఒకవైపు మూసుకుపోయిన లోయ కాబట్టి నీరు తొందరగా మారదు. చేపల జబ్బులకు చిలీ ఏటా వందల టన్నుల యాంటీబయాటిక్స్ వాడింది. అవీ ఆ నీళ్లలోకే.

2012లో కొమావులో ఈతకు దిగినవాళ్లకు గుండె ఆగినంత పనైంది. కిలోమీటర్ల మేర డెస్మోఫిల్లమ్ పగడాలు చచ్చి ఉన్నాయి. తెల్లటి గిన్నెలు మిగిలాయి, లోపల ప్రాణం లేదు. అగ్నిపర్వతాల ప్రాంతం కావటంతో నేలలోంచి వచ్చిన మీథేన్, సల్ఫైడ్ వాయువులకు ఆక్సిజన్ కొరత తోడై ఉంటుందని పరిశోధకులు అనుమానించారు. ఆ కొరతలో సాల్మన్ పెంపకం వాటా ఎంతన్న ప్రశ్న కూడా లేవనెత్తారు. ఒకటి గమనించాలి. అక్కడ అంతకుముందు ఏముండేదో ఏళ్ల తరబడి చూసి, రాసిపెట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టే ఎంత పోయిందో చెప్పగలిగారు. హుయినాయ్ కేంద్రం రాకముందు పదేళ్ల కిందట ఇదే జరిగి ఉంటే? ఎవరికీ తెలిసేది కాదు. పేరే లేని పగడం చచ్చిపోతే చావు లెక్కలో కూడా రాదు.

2016లో చిలీ దక్షిణ తీరంలో విషపు నాచు విజృంభించి 39 వేల టన్నుల దాకా సాల్మన్ చనిపోయింది. కుళ్లిన చేపల్లో వేల టన్నుల్ని సముద్రంలోకి తీసుకెళ్లి పారబోస్తే చిలోయె జాలర్లు రోడ్లు దిగ్బంధించారు. 2021లో కొమావులోనూ నాచు వచ్చి చేపలు కుప్పలుగా పోయాయి. చేపల లెక్క టన్నుల్లో, డాలర్లలో వెంటనే వచ్చేస్తుంది, బీమా ఉంటుంది కాబట్టి. అదే నీళ్ల కింద గోడ మీదున్న పొరలాంటి పగడానికి ఏమైందో చూడాలంటే మళ్లీ ఎవరో ఒకరు సూటు వేసుకుని దిగాల్సిందే.

ఈ ఫియోర్డులో లోతుకు పోయేకొద్దీ నీటిలో ఆమ్లత్వం పెరుగుతుంది. పైన పీహెచ్ 8 దాటితే, కింద ఏడున్నర దగ్గరికి దిగిపోతుంది. సున్నంతో ఒళ్లు కట్టుకునే జీవికి అది ఇబ్బంది. అయినా పగడాలు అక్కడా బతుకుతున్నాయి. మనం వదిలే బొగ్గుపులుసు వాయువుతో రేపు సముద్రాలన్నీ అటువైపే పోతాయి కాబట్టి, ఈ పగడాలు ఎలా నెట్టుకొస్తున్నాయో తెలుసుకోవటానికి జర్మనీ పరిశోధకులు కొమావును సహజ ప్రయోగశాలగా వాడుకున్నారు.

2009లో హాయిసర్మన్, ఫోర్‌స్టెరా చిలీ పటగోనియా సముద్రపు అడుగు జీవుల మీద పెద్ద సచిత్ర గ్రంథం తెచ్చారు. ఫొటో చూసి జీవిని గుర్తుపట్టటానికి ఆ ప్రాంతంలో మొదట అక్కరకొచ్చిన పుస్తకమది. సాల్మన్ వ్యాపారం ఊపందుకున్నది 1980ల్లో. అంటే ఇంట్లో ఎవరున్నారో పేర్లు రాసుకోకముందే ఇరవై ఏళ్లకు పైగా ఇల్లు అద్దెకిచ్చేశారన్నమాట. 2016లో హాయిసర్మన్‌కు రోలెక్స్ అవార్డు వచ్చింది. ఆ ఏడాది అదే అవార్డు అందుకున్న వారిలో మన లద్దాఖ్‌కు చెందిన సోనమ్ వాంగ్‌చుక్ కూడా ఉన్నారు, మంచు స్తూపాలు కట్టినందుకు. ఒకరిది హిమాలయాల మంచు, మరొకరిది పటగోనియా మంచు కరిగిన నీళ్లు.

బారసాలలు ఆ తర్వాతా సాగాయి. 2015లో కొమావు నుంచే మరో ఎనిమిది చేతుల పగడం, స్విఫ్టియా కొమావెన్సిస్, పుస్తకాలకెక్కింది. ఈసారి కోస్టారికా, అమెరికా నిపుణులు తోడయ్యారు. 2022లో అయితే జన్యువుల ఆధారంగా ఆక్టోకోరల్స్ కుటుంబ వృక్షాన్నే తిరగరాశారు. మెత్తటి పగడాలన్నింటినీ కలిపి వందేళ్లకు పైగా పిలిచిన అల్సియోనేసియా అన్న వర్గం పేరు రద్దయింది. ఆ తిరగరాసిన ముగ్గురిలోనూ వాన్ ఓఫ్‌వేగెన్ ఉన్నారు.

కొమావుకు కనీసం ఒక పరిశోధన కేంద్రం దక్కింది. అక్కడి నుంచి దక్షిణానికి పెనాస్ అఖాతం దాటితే ఆ ఫియోర్డుల వెంట దారులు, ఊళ్లు దాదాపు ఉండవు. వాతావరణం కుదిరిన కొన్ని వారాల్లోనే పడవ వేసుకుని వెళ్లిరావాలి. 2015లో ఆ వైపు వెళ్లిన పరిశోధక బృందం వెతికింది ఒకటి, చూసింది మరొకటి. ఒడ్డున తిమింగలాల కళేబరాలు. తర్వాత విమానంలోంచి చూస్తే మూడు వందలకు పైగా తేలాయి. అన్ని పెద్ద ప్రాణులు పోయినా అప్పటిదాకా ఎవరికీ తెలియని చోటది. ఆ ఫియోర్డుల్లో ఇంతవరకూ మనిషి దిగి చూడని గోడలే ఎక్కువ. చిలీ దక్షిణపు కొసన ఉన్న మగయానెస్ ప్రాంతంలో మాత్రం సాల్మన్ బోనులు ఇప్పటికే వెలిశాయి.